పాత పికప్ కొనేవారు ముందు బండి కింద చూడండి

ఉద్దానం కొబ్బరికాయలు, పలాస జీడిపిక్కలు, కళింగపట్నం, భావనపాడు తీరాల చేపలు, విజయనగరం తోటల మామిడి, ఇలా మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సరుకు ఏదైనా 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కేది ఎక్కువగా పికప్ బండ్ల మీదే. కొత్త బండికి పెట్టుబడి చాలనివారు పాత బండి కోసం తిరగడం మా వైపు మామూలు. అలా తిరిగేవారిలో చాలామంది బండి తాళం తిప్పి, ఇంజిన్ చప్పుడు విని, రంగు చూసి బేరం మొదలుపెడతారు. పికప్ విషయంలో ఈ వరుస తలకిందులుగా ఉండాలని నేను నమ్ముతాను. ఇంజిన్ పాడైతే విప్పి బాగుచేయించుకోవచ్చు, అవసరమైతే మార్చుకోవచ్చు. బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం, అంటే ఛాసిస్, పాడైన బండిని మాత్రం ఎంత ఖర్చుపెట్టినా మునుపటి స్థితికి తేలేము.

ఈ నమ్మకం నాకు ఊరికే కలగలేదు. మా ఇంట్లో మొదట కొన్న పాత పికప్ ఇంజిన్ నిజంగా బాగుండేది. కొన్న ఆరు నెలలకు, ధాన్యం బస్తాలతో వస్తుండగా, వెనుక ఎడమవైపు కమాన్ పట్టీలను, అంటే బరువుకు వంగి లేచే స్ప్రింగు పట్టీలను, పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గర ఛాసిస్ చీలిపోయింది. గ్యారేజీలో సరుకు వేసే తొట్టె విప్పి చూస్తే పైకి నల్లరంగుతో నిగనిగలాడిన ఇనుము లోపలివైపు నుంచి పొరలు పొరలుగా ఊడివచ్చింది. ఆ బండి అంతకుముందు కొన్నేళ్లపాటు చేపలు మోసిందని, ఆ సంగతి అమ్మిన వ్యాపారికి తెలుసునని తర్వాత బయటపడింది. చేపల పెట్టెల్లో ఐసు కరిగి కారే ఉప్పునీరు తొట్టె అతుకుల సందుల్లోంచి ఛాసిస్ మీద పడుతుంది. కడిగినప్పుడు పైనున్నది పోతుంది కాని, అడ్డకమ్మీలు కలిసే మూలల్లో చేరిన మట్టి ఆ ఉప్పును పట్టి ఉంచుతుంది. తుప్పు అక్కడే పుడుతుంది. రాష్ట్రంలోనే అత్యంత పొడవైన తీరం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో బండి కొనేవారు అడగవలసిన మొదటి ప్రశ్న, ఇది ఇంతవరకు ఏ సరుకు మోసింది అన్నదే.

మోయవలసిన బరువు

బండిని చూడటానికి వెళ్లే ముందు ఇంటి దగ్గర చేయవలసిన లెక్క ఒకటుంది. ఆర్‌సీలో ఖాళీ బండి బరువు, సరుకుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు రెండూ ఉంటాయి. రెండవదానిలోంచి మొదటిది తీసివేస్తే మిగిలేదే బండి మోయగల సరుకు, డ్రైవరు బరువు కూడా అందులోకే వస్తుంది. ఉదాహరణకు మొత్తం బరువు 2,900 కిలోలు, ఖాళీ బరువు 1,700 కిలోలు అనుకుంటే మిగిలేది 1,200 కిలోలు. మా వైపు జీడిపిక్కల బస్తా 80 కిలోలు కాబట్టి, డ్రైవరును లెక్కలోంచి తీసేస్తే 14 బస్తాలు ఎక్కుతాయి. అదే బండిలో 25 బస్తాలు వేసే అలవాటున్నవారు రెండు టన్నులు మోయిస్తున్నారన్నమాట. మీ సరుకు నిజంగా రెండు టన్నులైతే అందుకు తగిన బండినే వెతకాలి గాని, చిన్న బండికి అదనపు కమాన్ పట్టీ వేయించి సరిపెట్టుకోకూడదు. పట్టీ పెంచినంత మాత్రాన బ్రేకులు, యాక్సిల్, బేరింగులు పెరగవు. పైగా మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలతో మొదలై, అదనంగా ఉన్న ప్రతి టన్నుకు మరో 2,000 చొప్పున పెరుగుతుంది.

ఏ బండి అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ లెక్కలోనే దొరుకుతుంది. 2005లో వచ్చిన టాటా ఏస్ సుమారు ముప్పావు టన్ను మోసే బండి. ఊళ్లలోని ఇరుకు సందులకు, కూరగాయలకు, కిరాణా సరుకుకు దానిని మించినది నాకు కనిపించలేదు. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ టన్నుంపావు తరగతిది. మహీంద్రా బొలెరో పికప్ 1.3 టన్నుల నుంచి 1.7 టన్నుల వరకు రకరకాలుగా వచ్చింది. 1988 నాటి టాటామొబైల్‌తో మొదలైన వరుసలో 2017లో వచ్చిన యోధ, 2022లో రెండు టన్నుల రకంగా కూడా విడుదలైంది. కొండదారి, మట్టిదారి, బరువైన సరుకు ఉన్నవారికి నేను బొలెరోనో యోధనో చూడమంటాను. వాటి పని తెలిసిన మెకానిక్కులు మా మండల కేంద్రాల్లో కూడా దొరకడం అందుకు సగం కారణం.

సరుకు రవాణాకు కాక, ఇష్టంతో పికప్ కొనుక్కునేవారూ మా జిల్లాల్లో పెరుగుతున్నారు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారంలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్, 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్ వారికి ప్రీతిపాత్రమైనవి. నాకూ అవి చాలా ఇష్టం. ఐదు మీటర్లకు పైగా పొడవున్న ఆ బండ్లను తిప్పుకునే చోటు, నిలుపుకునే చోటు ఇంటి దగ్గర ఉన్నాయో లేదో కొలిచి చూసుకుని మరీ కొనాలి.

బండి కింద

పగటి వెలుగులో, గట్టి నేల మీద, తొట్టె ఖాళీగా ఉన్నప్పుడు చూడాలి. పాత గోనెసంచి, చిన్న సుత్తి, టార్చిలైటు, సుద్దముక్క, కొలత టేపు, తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే దారపు గుండు వెంట తీసుకెళ్లండి. బండి కదలకుండా చక్రాలకు రాళ్లు పెట్టిన తర్వాతే కిందికి దూరండి.

ముందుగా ఛాసిస్ రెండు కమ్మీలను ముందు నుంచి వెనుక వరకు వేళ్లతో తడమండి. వెనుక కమాన్ పట్టీల బ్రాకెట్లు, అడ్డకమ్మీలు కలిసే మూలలు, క్యాబిన్ వెనుక తొట్టె మొదలయ్యే చోటు, ఈ మూడు చోట్ల ఎక్కువసేపు ఆగాలి. అధిక బరువు మోసిన బండి ఛాసిస్ వంగేది, చీలేది ఇక్కడే. సుత్తితో మెల్లగా తడితే ఆరోగ్యంగా ఉన్న ఇనుము ఖంగుమంటుంది, లోపల తినివేసిన ఇనుము మొద్దుగా పలుకుతుంది. రెండు మూడు చోట్ల తట్టేసరికి ఆ తేడా చెవికి పట్టుబడుతుంది. కంపెనీ వేసిన అతుకు సన్నగా, ఒకే వరుసలో ఉంటుంది. తర్వాత గ్యారేజీలో వేసిన వెల్డింగు గడ్డలు గడ్డలుగా, చుట్టూ కాలిన గుర్తులతో కనిపిస్తుంది. మిగతా బండి అంతా దుమ్ముకొట్టుకుని, అడుగు మాత్రం కొత్త నల్లరంగుతో మెరుస్తుంటే, ఆ రంగు కింద ఏముందో గీకి చూడటానికి అనుమతి అడగండి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఇక కాలం వృథా చేయవద్దు.

తర్వాత ఛాసిస్ వంగిందో లేదో కొలవాలి. ఎడమవైపు ముందు కమాన్ పట్టీల ముందరి పిన్ను నుంచి దారపు గుండు వేలాడదీసి, నేల మీద అది తాకిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. కుడివైపు ముందర, ఎడమవైపు వెనుక, కుడివైపు వెనుక కూడా అదే విధంగా గుర్తులు పెట్టిన తర్వాత బండిని పక్కకు జరపండి. ముందు కమాన్ పట్టీలు లేని బండి అయితే రెండువైపులా ఒకే స్థానంలో ఉన్న ఏ రెండు బోల్టులనైనా ఆధారంగా తీసుకోవచ్చు. ఇప్పుడు నేల మీద నాలుగు గుర్తులున్నాయి. ముందు ఎడమ గుర్తు నుంచి వెనుక కుడి గుర్తుకు, ముందు కుడి గుర్తు నుంచి వెనుక ఎడమ గుర్తుకు టేపు పట్టి కొలవండి. రెండు కొలతలు సమానంగా ఉండాలి. కొన్ని మిల్లీమీటర్ల తేడా మన చేతి పొరపాటు కావచ్చు. వేలెడు తేడా వస్తే ఆ బండి ఎక్కడో గట్టి దెబ్బ తిన్నదని అర్థం. అరగంట కూడా పట్టని ఈ పరీక్షను చేసేవారు అరుదు. నేను మాత్రం దీనిని చేయకుండా ఎవరికీ బండి కొనమని చెప్పను.

కిందే ఉండగా మరికొన్ని చూడాలి. కమాన్ పట్టీల్లో ఒకటి రెండు కొత్తవి, మిగిలినవి పాతవి అయితే మధ్యలో విరిగినవని తెలుస్తుంది. ఇంజిన్ శక్తిని వెనుక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో పట్టుకుని అటూఇటూ తిప్పితే జాయింట్ క్రాసుల వద్ద టకటకమని ఆట ఉండకూడదు. వెనుక యాక్సిల్ మధ్యనున్న క్రౌన్ హౌసింగ్ (చక్రాలను తిప్పే పళ్లచక్రాల పెట్టె) చుట్టూ ఆయిలు కారిన జాడ, వెనుక చక్రాల లోపలివైపు గ్రీజు చిమ్మిన జాడ ఉంటే ఆ సీళ్లు పోయినట్టే. బరువును బట్టి వెనుక బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వు ఉన్న బండ్లలో, యాక్సిల్ నుంచి ఆ వాల్వుకు సన్నని కడ్డీయో స్ప్రింగో పోతుంది. దానిని తీగతో కట్టేసిన బండ్లు నేను పలుమార్లు చూశాను. ఖాళీ పికప్‌కు తోక తేలిక. ఆ వాల్వు పనిచేయకపోతే వాన రోజున గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనుక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది.

టైర్ల మీద ఎంత గీత మిగిలిందో చూడటం అందరికీ తెలుసు, వయసు చూడటం కొందరికే తెలుసు. టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గీతలు బాగానే ఉన్నా పక్కగోడలో సన్నని పగుళ్లు కనిపిస్తే ఆ టైర్ల ఖర్చును బేరంలో కలుపుకోవలసిందే. ముందు టైరు ఒక అంచున మాత్రమే అరిగితే అలైన్‌మెంటు లోపమో, అంతకంటే పెద్ద లోపమో ఉంటుంది.

మా ప్రాంతంలో మరొక జాగ్రత్త అవసరం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర, 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. నాగావళి, వంశధార పొంగినప్పుడు నీట నిలిచే ఊళ్లూ మనకు ఉన్నాయి. నీట మునిగిన బండిని గుర్తించడానికి సీటుబెల్టును చివరి వరకు లాగి చూడండి. బయటి భాగం ఉతికి శుభ్రం చేసినా లోపలి చుట్టలో బురదనీటి చార మిగిలిపోతుంది. సీటు కింది బోల్టుల తుప్పు, హెడ్‌లైటు అద్దం లోపల మట్టి, ఫ్యూజు పెట్టెలో ఆకుపచ్చని పొడి కూడా అదే కథ చెబుతాయి. వైరింగులోకి నీరు చేరిన బండిని, ముఖ్యంగా కంప్యూటరుతో నడిచే కొత్త తరం ఇంజిన్ ఉన్న దానిని, ఎంత చవకగా వచ్చినా వదిలేయడమే మంచిది.

ఇంజిన్, ఆ తర్వాత రోడ్డు

తెల్లవారుజామునే వెళ్లి, బానెట్ మీద చెయ్యిపెట్టి ఇంజిన్ చల్లగా ఉందని నిర్ధారించుకున్న తర్వాతే స్టార్టు చేయించండి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే, చల్లని ఇంజిన్ చెప్పే నిజాన్ని దాచడానికి కావచ్చు. స్టార్టయిన తర్వాత ఆయిలు మూత తీసి చూస్తే కొద్దిగా ఆవిరి రావడం సహజం. పొగ బుసబుసా తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగాయి. నీలం పొగ ఆయిలు మండుతున్నదనడానికి, వేడెక్కిన తర్వాత కూడా ఆగని తెల్లపొగ ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంటు దాని లోపలికి చేరుతున్నదనడానికి గుర్తులు. మూత అడుగున మీగడలాంటి పదార్థం పేరుకున్నా అనుమానించాలి.

2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. తోట నుంచి సంతకు, సంత నుంచి తోటకు నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో ఆ మసి కాలిపోయేంత వేడి పుట్టదు కనుక ఫిల్టరు మూసుకుపోతుంది, మార్పించాలంటే ఖర్చు భారీగా ఉంటుంది. తాళం తిప్పగానే మీటరు మీద హెచ్చరిక దీపాలన్నీ వెలిగి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగని దీపం ఉంటే, లోపం కనబడకుండా దానిని తీసేసి ఉంటారు. రోజూ చిన్న దూరాలే తిరగవలసినవారు, నా అభిప్రాయంలో, బాగా చూసుకున్న, అంతకుముందరి బీఎస్-4 ప్రమాణాల బండిని తీసుకోవడం మేలు. రహదారి మీద విశాఖపట్నం దాకా వెళ్లివచ్చేవారికి బీఎస్-6తో ఇబ్బంది లేదు.

ఇప్పుడు నడిపి చూడాలి, అదీ సరుకుతో. ఖాళీ పికప్‌ను నడిపి కొనడం సగం బండిని చూసి కొనడమే. అనుమతించిన బరువులో కనీసం ముప్పావు వంతు ఇసుక బస్తాలో, ధాన్యం బస్తాలో వేసి తీసుకెళ్లండి. నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కితే ఇంజిన్ చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నది. మూడో గేరులో వేగంగా పోతూ కాలు తీసేస్తే గేరు దానంతటది ఊడి న్యూట్రల్‌కు రాకూడదు. వెనుక నుంచి వేగాన్ని బట్టి మారే ఊళ వినిపిస్తే క్రౌన్ అరిగింది. సాలూరు దాటి కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కిదిగే పని ఉన్నవారు అక్కడి దాకా తీసుకెళ్లి చూడటం ఎంతో మంచిది. లారీల ఊరుగా పేరున్న సాలూరులో పెద్ద బండ్ల గుట్టు తెలిసిన మెకానిక్కులు ఉంటారు, వారిలో ఒకరికి చూపించి రావచ్చు. ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో, ఇంజిన్ పట్టు మీద దిగినా బ్రేకులు వాసన వస్తుంటే అవి బాగుచేయవలసినవే.

కాగితాలు

ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును, ఇంజిన్ నంబరును బండి మీద చెక్కిన వాటితో అక్షరం అక్షరం పోల్చండి. ఛాసిస్ నంబరు మీద కాగితం ఆనించి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకుంటే, తర్వాత చెక్కిన అంకె ఏదైనా ఉంటే వంకరగానో లోతు తేడాగానో బయటపడుతుంది. ప్రభుత్వ రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో నంబరు కొట్టి ఫైనాన్స్ బాకీ, ఫిట్‌నెస్ గడువు, బీమా, చలానాలు చూసుకోండి. బండి మీద ఫైనాన్స్ ఉంటే, బాకీ తీర్చిన తర్వాత ఫైనాన్సు సంస్థ సంతకం చేసిన ఫారం 35 చేతికి అందనిదే పూర్తి సొమ్ము ఇవ్వవద్దు. మనం ‘బ్రేకు చేయించడం’ అని పిలుచుకునే ఫిట్‌నెస్ పరీక్ష, ఎనిమిదేళ్లు దాటని రవాణా బండికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా తప్పనిసరి. ఎనిమిదో ఏడు దగ్గరపడిన బండి ధర తగ్గడానికి ఇదొక న్యాయమైన కారణం.

మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అవసరం లేదు. కారు లైసెన్సు చాలునా అని చాలామంది అడుగుతుంటారు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా బండిని తేలికపాటి వాహనాల లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం వైపు ఒడిశా బండ్లు తక్కువ ధరకు వస్తుంటాయి. అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చిన నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28, లేకుండా వాటిని తీసుకోకండి. ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించే ఖర్చు, పన్ను కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో ముందే లెక్క వేయాలి.

యజమాని పేరు మార్చే ఫారం 29, 30లను నింపకుండా ఖాళీగానే వాటి మీద సంతకాలు పెట్టించుకుని బండిని చేతులు మార్చడం మా వైపు మామూలైపోయింది. దీనివల్ల నష్టం ఇద్దరికీ ఉంది. ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్నవారే యజమానిగా బాధ్యత వహించాలని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అమ్మినవారు తమవి కాని ప్రమాదాలకు కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది, కొన్నవారు తమది అనిపించుకోలేని బండికి కష్టార్జితం పోసినవారవుతారు. రాష్ట్రంలోపలి అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. బీమాను కూడా కొన్నవారి పేరుకు 14 రోజుల్లో మార్పించుకోవాలి.

బీమా ప్రస్తావన వచ్చింది కాబట్టి మరొక మాట కూడా చెప్పాలి. నాట్లకు, కోతలకు కూలీలను, ముఖ్యంగా ఆడవారిని, పికప్ తొట్టెలో నిలబెట్టి తీసుకెళ్లడం ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాము. సరుకు బండిలో ప్రయాణికులకు సాధారణ బీమా వర్తించదు. అంతకంటే ముఖ్యంగా, పట్టుకోవడానికి ఏమీ లేని తొట్టెలో మనుషులు నిలబడితే బండి బరువు పైకి పోయి మలుపులో తేలికగా బోల్తా పడుతుంది. దయచేసి మీ బండిని ఆ పనికి ఇవ్వకండి.

ధర

2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు ధర పన్నుతో కలిపి 9 లక్షలున్న కొత్త పికప్, తగ్గింపును పూర్తిగా కొనుగోలుదారుకు అందిస్తే, సుమారు 70 వేలు తక్కువకు రావాలి. కొత్త బండి ధర తగ్గిందంటే పాతదాని ధర కూడా తగ్గాలి. అయినా కొందరు అమ్మకందారులు పాత ధరనే ఆధారం చేసుకుని బేరం చెబుతున్నారు. కాబట్టి వెళ్లే ముందు షోరూముకు ఫోన్ చేసి అదే రకం కొత్త బండి నేటి ధర కనుక్కోండి. టైర్లు, సీళ్లు, క్లచ్, ఫిట్‌నెస్ వంటి వాటిలో మీ పరీక్షలో తేలినవాటి ఖర్చును మీకు తెలిసిన మెకానిక్కు చేత రాయించి, ఆ కాగితాన్ని బేరంలో ఎదుట పెట్టండి. వాదన కంటే ఆ కాగితం బాగా పనిచేస్తుంది.

కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిలు, గేరు ఆయిలు, క్రౌన్ ఆయిలు, బ్రేకు ద్రవం, ఫిల్టర్లు అన్నీ మార్పించండి. చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు పెట్టించండి. తీరప్రాంతంలో తిరిగే బండి అయితే వారానికోసారి తొట్టె అడుగును, ఛాసిస్ మూలలను మంచినీటితో కడిగించి ఎండనివ్వండి. కమాన్ పట్టీలను యాక్సిల్‌కు బిగించే యూ-బోల్టులను మొదటి 500 కిలోమీటర్లు సరుకుతో తిరిగిన తర్వాత ఒకసారి మళ్లీ బిగించాలి. ఆ పని చేసేటప్పుడు బండి నిండా సరుకుతో, నాలుగు చక్రాలూ నేల మీద ఉండాలి.